రసూల్ సాహెబ్ నున్నచేసిన గుంత

చెన్నై నుంచి తనిఖీకి వచ్చిన తేజేశ్వర్ గారు ఏ గుంతను చూడడానికి వచ్చారో, సరిగ్గా ఆ గుంతలోనే నడుముదాకా దిగారు. ఫైలు మాత్రం తడవలేదు. పడేటప్పుడు దాన్ని తలమీదికి ఎత్తి పట్టుకున్నారు.

తప్పు ఆయనది కాదు. బేతంచెర్లలో నాగేశ్వరయ్య శెట్టి బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. అందులో రసూల్ సాహెబ్ ఇరవై రెండేళ్లుగా మిషను మీద ఉన్నాడు. అతని చేతికింద నుంచి వచ్చిన నాపబండను చూస్తే ఎవరికైనా ఒకసారి నిమరాలనిపిస్తుంది. బండ అరిగినప్పుడు వచ్చే బురదనీళ్లు పెరట్లో గుంతకు చేరతాయి.

ఊళ్లో ఇళ్లు కట్టేవాళ్లంతా బండలు మాని టైల్స్ వైపు తిరిగి అప్పటికే రెండేళ్లయింది. విదేశాలకు బండలు పంపే చెన్నై కంపెనీ ఆర్డరు వస్తే ఫ్యాక్టరీ నిలుస్తుంది, లేకుంటే మూత. ఆ కంపెనీ 2007లో, నేలనూ నీటినీ పాడుచేయని ఫ్యాక్టరీల దగ్గరే కొంటామని కబురు పెట్టింది. ఫోనులో శెట్టికి అర్థమైనవి రెండే ముక్కలు: గుంత ఉండాలి, శుభ్రంగా ఉండాలి.

శుభ్రం పని రసూల్‌ది. అతను పైన తేరిన నీళ్లన్నీ తోడేసి, అంచున బోర్లా పడుకుని, మిగిలిన బురదను పొడవాటి చెక్కతో సాపుచేసి, తడిగుడ్డతో అద్ది నున్నగా తేల్చాడు. మూడు రోజుల ఎండకు అది కొత్తగా వేసిన గచ్చులా తయారైంది. తేజేశ్వర్ గారు దానిమీద కాలు పెట్టారు.

ట్యాంకరు నీళ్లు తెప్పించి ఆయనకు స్నానం చేయించారు. శెట్టి ఇచ్చిన పంచె కట్టుకుని, బండమీద కూర్చుని, ఆయన మళ్లీ ఫైలు తెరిచారు.

"మిషనుకు వాడిన నీళ్లే మళ్లీ వాడతారా?" అని రసూల్‌ని అడిగారు.

బోరు ఎండి నాలుగేళ్లు. గుంతలో తేరిన నీళ్లనే ఏడెనిమిదిసార్లు మిషనుకు తిప్పి తిప్పి పెడుతున్నారు. కానీ రసూల్‌కు సిగ్గేసింది. వచ్చిన మనిషిని ఒకసారి బురదలో ముంచడమే కాక, నీళ్లకు కూడా గతిలేనోళ్లమని ఎట్లా చెప్పుకునేది?

"అట్లాంటి పని చేయము సార్. దినామూ కొత్త నీళ్లే."

"వాడినవి?"

"వంకలోకి ఇడిచేస్తాము సార్. యాడా తక్కువ చేయము."

పక్కన శెట్టి గర్వంగా తల ఊపాడు. తేజేశ్వర్ గారు ముఖం చిన్నబుచ్చుకుని రాసుకున్నారు. పంచె బిగుతుగా ఉందేమో అనుకున్నాడు రసూల్.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. శెట్టి కూతురు హరిత చదివి చెప్పింది: నీటిని తిరిగి వాడడం లేదు, వాగును పాడుచేస్తున్నారు, కనుక ఆర్డరు లేదు.

శెట్టి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో మిషను మీద పనిచేసే ఈరప్ప రసూల్ వైపు తిరిగాడు.

"మర్యాద బాగా నిలబెట్టినావులే రసూలప్పా. దాన్ని ఇంటికి తీసకపోయి నీ పెండ్లాము జమీలాబీకియ్యి, రాత్రికి వండుతాది."

రసూల్ తన అరచేతులు చూసుకున్నాడు. నీళ్లలో నాని నాని, వాటిమీద గీతలు కూడా అరిగిపోయాయి.

పండగ లోపలే మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. ఈరప్ప ఓర్వకల్లు వైపు రోడ్డు పనికి పోయాడు. యాభై ఎనిమిదేళ్ల రసూల్‌ని అక్కడ వద్దన్నారు. చివరి పనిగా గుంత పూడ్చమన్నాడు శెట్టి. రసూల్ నాలుగు రోజులు ఒక్కడే మట్టి మోశాడు. అయిదోరోజు శెట్టి గేటుకు తాళం వేయడానికి వచ్చేసరికి అతను మోకాళ్లమీద కూర్చుని, పూడ్చిన మట్టిని చెక్కతో సాపు చేస్తున్నాడు.

"పూడ్చమంటి గానీ నున్నగ చేయమంటినా? లోపల ఇంగా పచ్చిగా ఉండాది. మల్లా ఎవరన్నా గచ్చనుకోని కాలు పెడతారప్పా," అన్నాడు శెట్టి.

"ఇంగ ఈడికి ఎవరొస్తారు శెట్టీ."