ముగింపు రాయని ప్రశ్నలు

నా బావమరిది బస్సు డిపోలోని విడిభాగాల గిడ్డంగిలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా పనిచేస్తున్నాడు. ఏ అరలో ఏ వస్తువు ఉన్నదో పుస్తకం తెరవకుండా చెప్పగలడు. వస్తువు పేరుకంటే దాని సంఖ్యే అతనికి ముందు గుర్తుకు వస్తుంది. అందుచేత డిపోలో అందరూ అతణ్ణి 'పార్టు నంబరు' అని పిలుస్తారు. ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు మరిచిపోయే మనిషి బేరింగుల కొలతలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడని మా ఆవిడ, అంటే అతని అక్క, తరచు దెప్పుతూ ఉంటుంది.

అతని దగ్గర ఒక చిన్న కారు ఉన్నది. దాన్ని తయారుచేసిన కర్మాగారం ఆ రకం బండ్లను ఏనాడో మానివేసింది. అటువంటి బండ్లు గల మరి ముగ్గురితో కలిసి పదహారేళ్ల కిందట అతడు కంప్యూటరులో ఒక ఫోరం స్థాపించాడు. బండికి జబ్బు చేసినవారు అక్కడ ప్రశ్న రాస్తారు, తెలిసినవారు జవాబు రాస్తారు. గిడ్డంగి మనిషి గనుక నియమాలు గిడ్డంగి పద్ధతిలోనే పెట్టాడు. ఆఫీసులో ఉత్తరాలకు నకళ్లు రాయడం నా ఉద్యోగం కాబట్టి, వాటిని శుభ్రప్రతిగా రాసి ఇచ్చినవాణ్ణి నేనే.

వాటిలో మూడు ముఖ్యమైనవి. ఇరవై రెండేళ్ల కిందట, సంవత్సరం మధ్యలో, కర్మాగారంవారు ఆ బండి పై రూపు మార్చకుండా లోపలి భాగాలు మార్చారు. బానెట్టు కింది రేకుమీద మొదటి అక్షరం 'జె' అయితే పాత బండి, 'కె' అయితే కొత్తది. ఆ అక్షరం తెలియనిదే ఎవరూ జవాబు చెప్పరాదు. ఇది మొదటి నియమం. బండి బాగైన తరువాత, ప్రశ్న అడిగినవారే తిరిగివచ్చి, అసలు లోపం ఏమిటో, దేనివల్ల బాగైనదో రాయాలి. దీనికి ముగింపు అని పేరు. ముగింపు రాసేవరకు ఆ ప్రశ్న అడిగినవారి పేరుతో సహా ఎర్రగా కనబడుతూ ఉంటుంది. ఇది రెండవది. మూడవది డిపో నుండి నేరుగా తెచ్చినది. గిడ్డంగిలో నిర్ణీత కాలం కదలని వస్తువును కదలిక లేని సరుకుగా రాసి తొలగిస్తారు. అదే విధంగా, ఆరు నెలలపాటు ఒక్క ముగింపు కూడా నమోదు కాకపోతే, ఆఖరి రోజు సాయంత్రం ఐదు గంటలకు ఫోరం మూసివేయాలి. ఈ నియమం రాసిన రోజుల్లో వారానికి నలభై ముగింపులు వచ్చేవి. దాని అవసరం ఎన్నడైనా కలుగుతుందని మేము అనుకోలేదు.

తరువాత అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఫోరంలో రాయడం కష్టంగా ఉన్నదని, సోషల్ మీడియాలో ఒక గ్రూపు పెడితే ఫోటో తీసి పంపడం సులువని సభ్యులు పట్టుబట్టారు. గ్రూపు గుమ్మం వంటిదనీ, దానిగుండా అందరూ ఫోరంలోకి వస్తారనీ చెప్పి అతడే స్వయంగా దాన్ని ప్రారంభించాడు. మూడేళ్లలో పదకొండు వేలమంది చేరారు. గుమ్మంలోకి వచ్చినవారు గుమ్మంలోనే కూర్చున్నారు. అక్కడ ఒక ప్రశ్నకు పది నిమిషాల్లో నలభై జవాబులు వస్తాయి. సాయంత్రానికి ఆ ప్రశ్న ఎక్కడున్నదో కనబడదు. నాలుగు రోజుల తరువాత వేరొకరు అదే ప్రశ్న అడుగుతారు. ఎవరి బండి బాగైనదో ఎవరికీ తెలియదు. ఆ గ్రూపులో నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిమిషం నిడివి వీడియోలు చేసే ఒక యువకుడికి వేలాది లైకులు వస్తాయి. మా ఆవిడ అతనికి 'కళ్లజోడు' అని పేరు పెట్టింది.

ఫోరంలో ముగింపులు పూర్తిగా ఆగిపోయి, ఆరు నెలల గడువుకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నదనగా, ఒక ఆదివారం నా బావమరిది మా ఇంటికి భోజనానికి వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. ముందుగది నుండి వంటగదికీ, వంటగది నుండి ముందుగదికీ తిరుగుతూ, ఫోను తెరను బొటనవేలితో కిందికి లాగుతున్నాడు.

"ఒరేయ్, ఆ ఫోను అరిగిపోతుంది. కాస్త కూర్చోరా," అన్నది మా ఆవిడ.

"కూర్చునే ఉన్నానుగా అక్కా."

"ఎక్కడ? గాల్లోనా?"

అతడు కుర్చీ అంచుమీద కూర్చుని, రెండు నిమిషాలకు మళ్లీ లేచాడు. నాకు జాలి వేసింది. నాకు తోచిన ఉపాయం చెప్పాను.

"ఏమయ్యా, నేనూ సభ్యుణ్ణే కదా. నేనొక ప్రశ్న వేస్తాను. నువ్వు జవాబు రాయి. రేపు నేను ముగింపు రాస్తాను. ఫోరానికి ఇంకో ఆరు నెలలు గడుస్తాయి."

"మీకు కారే లేదు కదా బావగారూ."

"లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. అరలో లేని సరుకును పుస్తకంలో రాయమంటారా? ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క వాషరు కూడా అలా రాయలేదు నేను."

మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "రాయకురా నాయనా. ముందు తిను. ఆ ముద్దను కూడా ఏ అరలో పెట్టాలో చెప్పాలా?"

మంగళవారం ఉదయం గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. అడిగినామె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. తెల్లవారగానే ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ల దగ్గర రక్తం తీసి, చల్లటి పెట్టెలో పెట్టి, రెండు గంటల లోపల ల్యాబుకు చేర్చడం ఆమె పని. తన బండి ఇరవై రెండేళ్లదనీ, వేడెక్కితే ఆగిపోతున్నదనీ, అరగంట ఊరుకుంటే మళ్లీ నడుస్తున్నదనీ ఆమె రాసింది.

ఇరవై రెండేళ్లు అన్న మాట చూడగానే, అది మార్పు జరిగిన సంవత్సరమని నా బావమరిదికి తెలిసింది. అక్షరం అడగాలని కూడా తెలిసింది. కాని ఆమె వీధిలోకి వెళ్లి, బానెట్టు ఎత్తి, అక్షరం చూసి వచ్చేలోగా కళ్లజోడు ఏదో ఒకటి చెప్పేస్తాడు. పైగా ఫోరానికి ఒక్క ముగింపు కావాలి. 'పార్టు నంబరు, డిపో గిడ్డంగి' అని గ్రూపులో తాను పెట్టుకున్న పేరుతో అతడు మూడు నిమిషాల్లో జవాబు రాశాడు. 'పెట్రోలు పంపు మార్చండి. బాగయ్యాక ఫోరంలో ముగింపు రాయండి' అని చెప్పి, ఆమె ప్రశ్నను ఆమె పేరుతోనే ఫోరంలో ఎక్కించి, ఆ లింకు జతచేశాడు. పదహారేళ్లలో అక్షరం అడగకుండా అతడిచ్చిన మొదటి జవాబు అది.

గురువారం ఆమె పంపు మార్పించింది. శుక్రవారం, 'బాగానే నడుస్తోంది సార్, ఆదివారం తీరిగ్గా రాస్తాను' అని పంపింది. ఆ సాయంత్రం అతడు మా ఇంట్లో పావుగంటసేపు కదలకుండా కూర్చున్నాడు. మా ఆవిడ అతని నుదురు తాకి చూసింది.

శనివారం మధ్యాహ్నం, అతడు మా ఇంట్లో మరిచిపోయిన గొడుగును ఇవ్వడానికి నేను డిపోకు వెళ్లాను. గిడ్డంగి కిటికీ దగ్గర ఒకామె నిలబడి ఉన్నది. తెల్లకోటు మోచేతి దగ్గర నల్లటి గ్రీజు మరక ఉన్నది.

"పార్టు నంబరు అంటే మీరేనా సార్?"

"నేనేనమ్మా. సరుకుకు ఇండెంటు చీటీ తెచ్చారా?"

"ఇండెంటు తేలేదు. పేర్లు తెచ్చాను." ఆమె ఒక కాగితం కిటికీలోనుంచి లోపలికి తోసింది. "పదకొండు. వీళ్లందరికీ ఇవాళ రెండోసారి సూది గుచ్చాను. బండి వంతెన మీద ఆగింది. పెట్టె ఎండలో ఉడికింది. ల్యాబువాళ్లు ఒక్క చూపు చూసి పారబోయమన్నారు."

నా బావమరిది కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఏడో పేరు చదవండి. ఎనభై నాలుగేళ్ల తాతగారు. ఆయనకి నరం దొరకడమే గగనం. 'పొద్దున తీసుకెళ్లింది సరిపోలేదా తల్లీ' అని నవ్వుతూ చెయ్యి చాపాడు. తిట్టినా బాగుండేది."

"అమ్మా, మీ బండి రేకు మీద మొదటి అక్షరం ఏమిటి?"

"ఇప్పుడు అడుగుతున్నారా?"

నా బావమరిది ఆ పదకొండు పేర్లూ పైనుంచి కిందికి చదివాడు. తరువాత అన్నాడు: "మంగళవారం అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే. రేపు బండి ఎక్కడుంటుందో చెప్పండి, నేనే వస్తాను."

"మళ్లీ ఏం మారుస్తారు?"

"అక్షరం చూశాక చెబుతాను."

ఆ మాటకు ఆమె కోపం పూర్తిగా పోలేదు గాని, ల్యాబు చిరునామా మాత్రం ఆ కాగితం వెనకనే రాసి ఇచ్చింది.

ఆదివారం ఉదయం ల్యాబు వెనక ఖాళీ స్థలంలో నేను టార్చి పట్టుకున్నాను. అతడు రేకు మీది మురికి గుడ్డతో తుడిచాడు. 'కె'. ఆ బండ్లలో నిప్పురవ్వను నడిపే ఒక చిన్న నల్లపెట్టె ఉంటుంది. వేడెక్కితే అది పనిచేయడం మానుతుంది, చల్లారితే మళ్లీ మొదలుపెడుతుంది. పాత బండ్లలో ఆ పెట్టె లేదు, వాటికి ఇటువంటి జబ్బు పెట్రోలు పంపువల్లనే వస్తుంది. బాగానే ఉన్న పంపును మార్చినందువల్ల ఆమెకు ఒరిగినది ఏమీ లేదు. ఎండ తగ్గి చల్లగా ఉన్న రెండు రోజులు బండి తనంతట తానే నడిచింది.

ఆ పెట్టె ఇప్పుడు ఎక్కడా దొరకదు. అయితే తొమ్మిదేళ్ల కిందట ఒక పడవ నడిపేవాడు ఫోరంలో ముగింపు రాస్తూ, తన పడవ ఇంజినులోని పెట్టె ఈ బండికి సరిపోయిందనీ, కింది రంధ్రం కొద్దిగా వెడల్పు చేసి, నల్లతీగను ఎడమవైపు తగిలించాలనీ తెలిపాడు. ఆ మనిషి ఏడేళ్లుగా మళ్లీ కనబడలేదు. అది చదివిన రోజునే నా బావమరిది అటువంటి పెట్టెలు రెండు తెప్పించి, చెప్పుల అట్టపెట్టెలో పెట్టి మంచం కింద దాచాడు. అతని సొంత బండి 'జె' రకం. ఆ పెట్టెతో అతనికి పని లేదు.

రంధ్రం ఆకురాయితో వెడల్పు చేసి బిగించేసరికి గంట పట్టింది. బాగైనదో లేదో తెలియాలంటే ఇంజిను బాగా వేడెక్కాలి. నలభై నిమిషాలు ఎండలో నడవనిచ్చాము. అతడు బండి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ, ఒకసారి చెవి పెట్టి వింటూ, ఒకసారి గడియారం చూస్తూ ఉన్నాడు.

"సార్, మీరు కూర్చోకపోతే ముందు మీ బీపీ చూడాల్సి వస్తుంది," అన్నది ఆమె.

"చూసినా లాభం లేదమ్మా. మా అక్క ముప్పై ఏళ్లుగా చెబుతోంది," అన్నాడు. ఆమె మొదటిసారి నవ్వింది.

బండి ఆగలేదు. తిరుగుదారిలో నేను అడిగాను: "ముగింపు సంగతి ఆమెకు గుర్తుచేయలేదేం?"

"ఏ మొహంతో చేయను బావగారూ? పదకొండు మంది చేతులు గుచ్చి వచ్చినామె."

సోమవారం గడిచింది. మంగళవారం ఆఖరి రోజు. మధ్యాహ్నం సెలవు పెట్టి నేను గిడ్డంగికి వెళ్లి కూర్చున్నాను. ఒక చేత్తో డిపో పుస్తకంలో నమోదులు చేస్తూనే అతడు రెండవ చేతి బొటనవేలితో తెరను లాగుతున్నాడు. మూడు గంటలా నలభై నిమిషాలకు ఆ వేలు ఆగింది. ఫోను నా వైపు తిప్పాడు.

'వేడెక్కితే ఆగిపోయే బండి. మొదట పెట్రోలు పంపు అని చెప్పారు. అది తప్పు. అక్షరం అడగకుండా చెప్పారు. అసలు లోపం నల్లపెట్టె. తప్పు చెప్పినవారే వచ్చి పడవ ఇంజిను పెట్టె అమర్చారు. నిన్నా ఇవాళా ఆగలేదు.'

దాని కింద మూడు మీటలు ఉన్నాయి: అంగీకరించు, తిప్పిపంపు, తొలగించు. అంగీకరిస్తే ఫోరం నిలుస్తుంది. అతని తప్పు కూడా అక్కడ శాశ్వతంగా నిలుస్తుంది. ఆ వాక్యాన్ని దిద్దే అధికారం అతనికి ఉన్నది. అతడు రెండుసార్లు చదివాడు. వేలు తెరమీదికి వెళ్లింది. నొక్కాడు.

"హమ్మయ్య. అంగీకరించావా?"

"తిప్పిపంపాను."

"ఏమిటీ?"

"అక్షరం రాయలేదు బావగారూ. రేపు 'జె' బండివాడు ఇది చదివి నల్లపెట్టె కోసం వెతుక్కుంటాడు."

"నీకు మతిపోయిందా? బానెట్టు ఎత్తి నువ్వే చూశావు కదా. నువ్వే వేసెయ్."

"ముగింపులో అక్షరం కూడా ప్రశ్న అడిగినవాళ్లే రాయాలి. ఒకసారి అక్షరం వదిలేసి ఏం చేశానో చూశారుగా."

మా ఆవిడ ఫోను చేసి, సంగతి విని, తమ్ముణ్ణి స్పీకరులోనే చాలాసేపు తిట్టింది. అతడు ఆ తిట్లకు ఊకొడుతూ కిటికీకీ అరలకూ మధ్య తిరిగాడు. నాలుగున్నర అయింది. డిపో చివరి ఇండెంటు వచ్చింది. బ్రేకు లైనింగులు నాలుగు లెక్క చూసి ఇచ్చాడు. ఐదుకు పది నిమిషాలు ఉన్నాయి. గిడ్డంగి తాళం తీసి బల్లమీద పెట్టుకున్నాడు.

నాలుగు గంటలా యాభై మూడు నిమిషాలకు జవాబు వచ్చింది.

'కె. టార్చి వేసి మీరే చూశారు కదా సార్. అయినా రాస్తున్నాను. ఇప్పుడే చివరి ఇంటి నుంచి వచ్చాను.'

అతడు అంగీకరించు అన్న మీటను నొక్కాడు. ఎర్రగా ఉన్న ప్రశ్న పచ్చగా మారింది. డిపో పుస్తకంలో నమోదు చేసినంత నెమ్మదిగా ఒక నిట్టూర్పు విడిచి, గిడ్డంగి తలుపు మూసి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు.

గేటు దాకా కలిసి నడిచాము. పది అడుగులు వేశాక అతని బొటనవేలు మళ్లీ తెరను కిందికి లాగడం గమనించాను.

"ఇంకా ఎందుకయ్యా? అయిపోయింది కదా."

"ఆమెకు రేపు పొద్దున పద్నాలుగు ఇళ్లున్నాయట బావగారూ," అన్నాడు. "ఎండ ఇవాళ్టికంటే ఎక్కువ ఉంటుందని చూపిస్తోంది."