మందు కాదు, కల్లు: కల్వకుర్తి మీదుగా పాలమూరు దవాఖానకు

మొన్న బుధవారం హైదరాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు మత్తు పదార్థాల చట్టం మీద చర్చ పెట్టి నన్ను కూడా పిలిచారు. వాడేవాళ్లను జైల్లో పెట్టాలా, దవాఖానలో చేర్చాలా అన్నది విషయం. నేను ఇరవై ఏళ్లుగా సమాజశాస్త్రం పాఠం చెప్తున్నదాన్ని. ఏ సంగతిలోనూ గట్టిగా ఒక పక్కన నిలబడలేనని మా ఇంట్లో నన్ను ఆటపట్టిస్తారు. ఆ రోజు మాత్రం ఎందుకో "ముందు సరఫరా ఆపండి, అలవాటు దానంతటదే ఆగుతుంది" అని ఢంకా బజాయించినట్టు చెప్పాను. చప్పట్లు పడ్డాయి. సాయంత్రం ఇంటికి చేరేసరికి మా చిన్నాయిన బాలయ్య నుంచి ఫోన్. కల్వకుర్తికి పది కిలోమీటర్ల అవతల ఊరు వాళ్లది, గొర్రెలు కాసుకుని బతుకుతారు. ఎక్సైజ్ వాళ్లొచ్చి ఊర్లో కల్లు దుకాణానికి తాళం వేసి నాలుగు రోజులైందట. మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ జంగమ్మ, మూడు రాత్రులుగా కన్ను మూయలేదట. "నరాల బలహీనత అంటున్రు బిడ్డా. ఊర్లె డాక్టరు గ్లూకోజ్ పెట్టిండు. అయినా చేతులు ఆగుతలేవు" అన్నాడు. సరఫరా ఆపితే ఏమవుతుందో నాకు ఆ పూటే తెలిసొచ్చింది.

ఈ ప్రాంతం సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ దుకాణాల్లో పోసే కల్లంతా చెట్టు నుంచి దిగిందే అనుకోకండి. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ లోటును నీళ్లతో, నిద్రమాత్రల పొడితో పూడ్చేవాళ్లున్నారు. ఆల్ప్రాజోలం అనే ఆ మాత్రను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఏళ్ల తరబడి రోజూ ఆ కల్లు తాగిన మనిషికి అది ఒక్కసారిగా అందకుండా పోతే వణుకు పుడుతుంది, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే మీరూ ఈ దారిన పోవలసి రావచ్చు. అందుకే టైములతో సహా రాస్తున్నాను.

గురువారం పొద్దున ఐదున్నరకు ఎంజీబీఎస్‌లో అచ్చంపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కడ్తాల్, ఆమనగల్లు దాటి ఎనిమిదికి పది నిమిషాల ముందే కల్వకుర్తిలో దిగాను. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తింటుంటే ఒక సంగతి గమనించాను. చాయ్ పోసే ఆమె కొందరికి గ్లాసు నిండా పోస్తోంది, కొందరికి సగమే పోసి రెండోసారి మళ్లీ పోస్తోంది. ఎందుకని అడిగాను. "చేతులు జూసి పోస్త అక్కా" అంది. "కల్లు డిపోలు బందైనకాడికెల్లి సగం మందికి గిలాస ఆగుతలేదు. నిండ పోస్తే మీదేసుకుంటున్రు. గాళ్ల ఇజ్జత్ ఎందుకు తియ్యాలె, నేనే సగం పోస్తున్న."

ఊరికి షేరింగ్ ఆటో అయితే ముప్పై రూపాయలు, కానీ నిండేదాకా కదలదు. నేను రెండు వందల యాభై ఇచ్చి ఒక్కదాన్నే మాట్లాడుకున్నాను, వెంటనే తిరిగి రావాలని కూడా చెప్పాను. డ్రైవర్ నలభై ఏళ్ల మనిషి. "దవాఖానకేనా అక్కా" అన్నాడు. నీకెలా తెలుసన్నాను. "గీ నాలుగు రోజుల సంది అన్ని దవాఖాన కిరాయిలే. కల్లు దుకాణపోని గిరాకీ నాకొచ్చింది" అని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేసి, "మా అత్తను కూడ నేనే దించొచ్చిన" అన్నాడు.

ఇంటికి చేరేసరికి ఎనిమిదీ నలభై. చిన్నమ్మ గడప దగ్గర నిలబడి చేతిలో కట్టె ఊపుతూ ఇంట్లోకి చూసి అదిలిస్తోంది. లోపల ఏమీ లేదు. మందను పొరుగింటాయన తోలుకుపోయాడట. నన్ను మాత్రం గుర్తుపట్టింది.

"సుజాతా, మంచిగొచ్చినవ్ బిడ్డా. గా సజ్జ మీదికెక్కిన గొర్రెను జర దించు. మీ చిన్నాయినకు చెప్తే ఇనవడ్తలేదు."

"ఏ గొర్రె చిన్నమ్మా?"

"గా కుంటిది."

చిన్నాయిన నా వైపు చూడకుండా, "కుంటిది సచ్చి రెండేండ్లాయె" అన్నాడు.

ఆమె పెదవులు పగిలి ఉన్నాయి, వేళ్లు ఒక్క క్షణం నిలవడం లేదు. 108కు ఫోన్ చేద్దామన్నాను. చిన్నాయిన వద్దే వద్దన్నాడు. ఆ బండి కూత పెట్టుకుంటూ వస్తే ఊరంతా గుమిగూడుతుంది, ఎవరెవరు తాగారో ఎక్సైజ్ వాళ్లు రాసుకుపోతున్నారని, పేరెక్కితే కేసు మెడకు చుట్టుకుంటుందని ఊర్లో అనుకుంటున్నారట. పైగా దుకాణం నడిపేది ఆయన చిన్ననాటి దోస్తు. "నరాలు అని చెప్దాం బిడ్డా. గంతే. కల్లు మాట తియ్యకు." నేను సరేనని తలూపాను. 108 విషయంలో ఆయన మాట వినడం నా తప్పే. దారిలో ఫిట్స్ వచ్చి ఉంటే నేనేం చేయగలిగేదాన్ని?

పది గంటలకు కల్వకుర్తిలో మహబూబ్‌నగర్ ఎక్స్‌ప్రెస్, మా నోట పాలమూరు బస్సు, దొరికింది. మిడ్జిల్, జడ్చర్ల మీదుగా గంటన్నర లోపే. చిన్నమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి నేను ఆనుకుని కూర్చున్నాను, చిన్నాయిన వెనక సీట్లో. బయట పత్తిచేలు వెనక్కి పోతున్నాయి. ముందు సీట్లో తెల్లచొక్కా పెద్దమనిషి ఆమె వణుకు చూసి, అడగకముందే తీర్పు చెప్పాడు. "కల్లు కేసే గదా. దుకాణపోన్నొక్కన్ని పట్టుకుంటె ఏం లాభం మేడమ్. తాగెటోళ్లను కూడ ఆర్నెల్లు లోపలేస్తె అప్పుడు బుద్ధొస్తది."

ముందు రోజు చప్పట్ల మధ్య నేను చెప్పిన మాట దాదాపు ఇదే కదా అనిపించి ఒళ్లు మండింది. ఆయన మీదో నా మీదో తెలియలేదు. "మా అమ్మ, ఈమె ఇద్దరు పుట్టింది మర్రిగూడ దిక్కు" అన్నాను. "అక్కడి బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. మా తాత నలభై ఏండ్లకే నడుం వంగిపోయి కోడికూర ముక్క కూడ నమలలేకపోయిండు. నీళ్లు తాగినందుకు ఆయన్ను ఎవరన్నా జైలుకు పంపిన్రా? నీళ్లల్ల ఏమున్నదో ఆయనకెట్ల తెలుస్తది? కల్లుల ఏం కలిపిండ్రో ఈమెకెట్ల తెలుస్తది?"

"నీళ్లు వేరు, కల్లు వేరు. నీళ్లు తాగకపోతె సస్తరు."

పక్క వరుసలో పత్తి ఏరడానికి పోతున్న ఒకామె సద్ది మూట ఒళ్లో సర్దుకుంటూ, "గీమె గిప్పుడు తాగకనే సస్తాంది గదనే" అంది. బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. "పొద్దంత వంగి ఏరినంక నడుములు గుంజుతె మీరేమేసుకుంటరు సారూ? గోళి గదా. మాకు గోళి ఎవలిస్తరు. గా కల్లు సీసల్నే గోళి కలిపి ఇచ్చిన్రు, మాకే చెప్పలే." పెద్దమనిషి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. జడ్చర్లలో దిగిపోయాడు.

మేము దవాఖాన చేరేసరికి పదకొండూ నలభై. దాని పేరు రాయను, ఏ జిల్లా దవాఖానలో అయినా తంతు ఇంతే. ఓపీ చీటీలు పన్నెండు దాకానే ఇస్తారు కాబట్టి మీరు ఇంకాస్త ముందే చేరేట్టు చూసుకోండి. కౌంటర్‌లో ఏం బీమారి అని అడిగితే చిన్నాయిన నాకంటే ముందే "నరాలు" అన్నాడు. చీటీ మీద అదే పడింది. అరగంట వరుసలో నిలబడ్డాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మకు ముప్పై ఏళ్లుంటాయేమో, పొద్దుటి నుంచి కూర్చుని అలసిపోయి ఉంది.

"అమ్మా, మందు తాగుతారా?"

"తాగ" అంది చిన్నమ్మ. అనడమే కాదు, కించపడ్డట్టు తల పక్కకు తిప్పుకుంది. "మా ఇంటావంట లేదు."

"మందులేమైనా వాడుతున్నారా? నిద్రమాత్రలు గానీ?"

"ఏ మందులూ లెవ్వు."

డాక్టరమ్మ రెండు చోట్లా లేదని రాసింది. విటమిన్ మాత్రలు, ఒక సూది రాసి, వారం తర్వాత రమ్మంది. చిన్నాయిన చీటీ అందుకున్నాడు. చిన్నమ్మ అబద్ధం చెప్పలేదు, డాక్టరమ్మ అడగడం మానలేదు. అయినా మేము విటమిన్ మాత్రలతో ఇంటికి పోబోతున్నాం. మా వైపు మందు అంటే బ్రాందీ, మందు అంటే గోళీ, పత్తికి కొట్టేదీ మందే. కల్లు మాత్రం కల్లే. ఆ మాటను నేను చిన్నప్పటి నుంచి అలాగే వాడుతున్నాను, ఆ గదిలో నిలబడేదాకా నాకు తట్టలేదు.

అప్పుడు కూడా వెంటనే నోరు తెరవలేకపోయాను. తలూపి మాటిచ్చాను కదా. కేసు గురించి వాళ్ల భయం నిజమైతే సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయేదాన్ని నేను, ఊర్లో ఉండాల్సింది వాళ్లు. వాళ్ల తరఫున మాట్లాడే హక్కు నాకుందా? చిన్నాయిన నా మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా లాగుతున్నాడు. చిన్నమ్మ లేవబోయి బల్ల అంచు పట్టుకుంది, దాని మీది పెన్నుల డబ్బా టకటకలాడింది.

"చిన్నమ్మా, కల్లు సంగతి చెప్పు" అన్నాను.

"కల్లు అడిగిందా ఆమె? మందు అడిగింది. మందు కంపెనీది. కల్లు చెట్టుది."

డాక్టరమ్మ కలం ఆపింది. "కల్లు తాగుతారా అమ్మా?"

"తాగుత. పొద్దుగాల రెండు సీసలు, మాపున రెండు. పదిహేనేండ్ల సంది."

"ఆపి ఎన్ని రోజులైంది?"

"నేను ఆపలే. వాళ్లు ఆపిన్రు."

చిన్నాయిన "ఊకోయే" అన్నాడు. డాక్టరమ్మ చీటీ వెనక్కి తీసుకుని మీద రాసిందంతా కొట్టేసింది. ఆ కల్లులో నిద్రమాత్రల పొడి కలుస్తోందని, ఒంట్లో అది ఒక్కసారిగా తగ్గిపోవడం వల్లే ఈ వణుకు అని, వారం ఆగితే ప్రాణం మీదికి వచ్చేదని నిదానంగా చెప్పింది. చిన్నమ్మ బల్ల మీదికి వంగింది.

"గోళీలా? నేను గోళీలు అడగలే. చెట్టు కల్లని పోసిండు, పైసలు పెట్టి తాగిన. నాదేం దొంగతనం? రాయి డాక్టరమ్మా. జంగమ్మ కల్లు తాగిందని రాయి. ఎవడు పోసిండో అడిగితే గది గూడ చెప్త."

"వాడు మనోడేనే" అన్నాడు చిన్నాయిన.

"మనోడైతే చెట్టుది ఎందుకు పొయ్యకపాయె?"

గుమ్మం దగ్గర వరుసలో ఉన్నవాళ్లంతా వింటున్నారు. ఆమె ఇంకాస్త గొంతు పెంచింది తప్ప తగ్గించలేదు. డాక్టరమ్మ చిన్నాయినతో, "పెద్దాయనా, ఇది చికిత్స కాగితం. ఆమె ఇక్కడ పేషెంటు, ముద్దాయి కాదు" అంది. మానసిక వైద్య విభాగంలో మంచం ఇచ్చారు. మేము బయటికి వస్తుంటే వరుసలో నుంచి ఒక ముసలావిడ తన చీటీ నా ముందుకు చాపి, "నాది గూడ నరాలనే రాసిన్రు బిడ్డా, మార్పియ్యి" అంది. మళ్లీ లోపలికి పోయాం. ఆమె వెనక ఇంకొకాయన వచ్చాడు.

రెండు గంటలకు సూది వేశారు. మూడున్నరకు చిన్నమ్మ నిద్రపోయింది. నాలుగు రాత్రుల తర్వాత మొదటి నిద్ర. మాత్ర మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పది రోజులు ఉంచుకుంటారట, తర్వాత నెలకోసారి రావాలి. చిన్నాయిన మంచం పక్కన నేల మీద కూర్చుని ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకున్నాడు. వణుకు తగ్గిందో లేదో చూస్తున్నాడనుకుంటా.

దుకాణం మళ్లీ తెరవాలని నేను అనను. ఆ మనిషికి శిక్ష పడాలి, తాళం ఉండాలి. కానీ తాళం తెచ్చే జీపులోనే డాక్టర్‌ను కూడా తీసుకురావాలి. వాళ్లు వచ్చిన రోజు ఊర్లో ఎంతమంది ఒంట్లో ఆ పొడి ఉందో ఎవరూ అడగలేదు. వ్యసనపరుడు తనంతట తానే చికిత్సకు వస్తే విచారణ లేకుండా వదిలే వీలు మన చట్టంలోనే ఉంది. అది కోరాలంటే ముందు తనకు వ్యసనం ఉందని మనిషికి తెలియాలి. చిన్నమ్మకు ఆమె వ్యసనం పేరు ఆమె యాభై ఎనిమిదో ఏట, పెన్నుల డబ్బా ముందు నిలబడ్డాక తెలిసింది. మూడు నెలల తర్వాత ఆమె మళ్లీ ఎక్కడైనా సీసా వెతుక్కుంటుందా? వెతుక్కోవచ్చు. నాకు తెలియదు. అలా జరిగితే మళ్లీ ఇదే బస్సెక్కుతాం, మళ్లీ ఇదే వరుసలో నిలబడతాం. వరుసలో నిలబడ్డ మనిషిని చూసి తప్పెవరిదని అడిగేవాళ్లకు మాత్రం ఇకపై నా దగ్గర మర్యాదైన జవాబు ఉండదు.

పోయేవాళ్లకు ఒకే సలహా. కల్లు ఆగిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఎదురుచూడకుండా 108లోనైనా సరే ఆ రోజే తీసుకెళ్లండి. అక్కడ మందు తాగుతారా అని అడిగితే జవాబు చెప్పకండి. కల్లు తాగుతారు, కల్లు ఆగింది అని మీరే చెప్పి, చీటీ మీద కల్లు అన్న మాట పడేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలకండి.