హాలులో గాలి

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు సహాయ కోచ్‌గా వేశారు. అక్కడి వ్యాయామ విభాగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాను. రాజురాలో బట్టల దుకాణం నడిపే తెలుగువాళ్ల ఇంట్లో పుట్టి, మరాఠీ బడిలో చదివి, జీవితమంతా మెడలో ఈల వేసుకుని తిరిగినదాన్ని. ఏ మ్యాచ్ గుర్తుందని ఎవరడిగినా తడుముకోను. ఆ ఏడాది అంతర్ కళాశాలల ఫైనల్.

సహాయ కోచ్ అంటే నీళ్ల సీసాలు మోసే మనిషి అనుకునేవాళ్లు చాలామంది. అలా అన్నవాళ్లతో నేను గట్టిగానే పోట్లాడేదాన్ని. హెడ్ కోచ్ కళ్లు బంతి మీద ఉంటాయి. మిగతాదంతా సహాయకుడు చూసి ఆయన చెవిన వేయాలి. వినడం, వినకపోవడం ఆయన ఇష్టం. ఆట నడుస్తుండగా బెంచి దగ్గర ఇద్దరిలో ఒక్కరే నిలబడాలి, రిఫరీతో మాట్లాడే హక్కు హెడ్ కోచ్‌దే. మా కులకర్ణి సర్ ఎప్పుడూ నిలబడే ఉండేవారు కనుక నేను కూర్చునే ఉండేదాన్ని. ఆట బాగా తెలిసిన మనిషి. కోపం మాత్రం ముక్కు మీద ఉండేది.

ఇక స్వప్న. చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గుగనిలో పనిచేసే తెలుగు కార్మికుడి కూతురు. దూరం నుంచి రింగులోకి బంతి వేయడంలో మా జట్టులో ఆమెకు సాటి లేదు. అప్పటికి చివరి సంవత్సరం చదువుతోంది. విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేసేవాళ్లు ఫైనల్ చూడటానికి వచ్చారు. ఆ రోజు ఆడి వాళ్ల కంట పడితే ఎంపిక కావచ్చు, బెంచి మీద కూర్చుంటే ఆమె ఆట అక్కడితో సరి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, డ్యూటీ దిగి నేరుగా గ్యాలరీకి వచ్చిన వాళ్ల నాన్నకూ తెలుసు.

ఆ ఫైనల్ ఇండోర్ హాలులో పెట్టారు. మా పిల్లలకు అలాంటి హాలులో అదే మొదటి ఆట. మొదటి అర్ధభాగంలో స్వప్న వేసిన బంతి ఒక్కటీ లోపల పడలేదు. సర్ చిరాకుపడి ఆమెను కూర్చోబెట్టారు. నేను మాత్రం ఒకటి గమనించాను. ఎదురు నుంచి వేసినా, కుడి నుంచి వేసినా బంతి ఎడమకే పోతోంది, ప్రతిసారీ అంతే దూరం. చెయ్యి తప్పిన ఆటగాళ్ల బంతులు నాలుగు పక్కలా పోతాయి. ఇలా ఒకే పక్కకు పోవు.

విరామంలో నీళ్లు తాగుతుంటే సంగతి తట్టింది. మా మైదానంలో రెండు రింగుల్లో ఒకటి తుప్పు పట్టి విరిగిపోయింది. దూరం షాట్ల ప్రాక్టీసంతా మిగిలిన ఆ ఒక్కదానికే. దానికి ఎదురుగా నిలబడితే ఎడమ పక్కంతా బయలు, సాయంత్రం అయితే చాలు అటు నుంచి గాలి తోస్తుంది. గాలి తోసేంత లెక్క వేసుకుని ఎడమకు వేయడం ఆమె చేతికి అలవాటైపోయింది. హాలులో గాలి లేదు, బంతి వేసిన చోటికే పోతోంది. పరుగున వెళ్లి సర్‌కు చెప్పాను. ఆయన నవ్వి, హాలులో గాలి ఎక్కడిది మేడం అన్నారు. నేను చెప్పేదీ అదే కదా సర్ అన్నాను. ఆయన అప్పటికే కెప్టెన్ వైష్ణవితో మాటల్లో పడ్డారు.

రిఫరీ మీద అరిచినందుకు మొదటి భాగంలోనే సర్ మీద ఒక టెక్నికల్ ఫౌల్ పడి ఉంది. అది ప్రవర్తనకు వేసే శిక్ష, దానికి అవతలి జట్టుకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుపడకుండా వేసే ఒక పాయింటు బంతి, ఇస్తారు. కోచ్ మీద రెండోది పడితే హాలు వదిలి పోవాలి. ఆట ముగియడానికి కొన్ని సెకన్లే ఉన్నాయి, పాయింట్లు సమానం, బంతి మాది. సరిగ్గా అప్పుడే ఆయన రిఫరీ మీద కోపంతో భుజం మీది తువ్వాలు తీసి నేలకేసి కొట్టారు. ఏం మనిషండీ! రెండో ఫౌల్ పడింది. అవతలివాళ్లు ఫ్రీ త్రో వేసి ఒక పాయింటు ముందుకు పోయారు, నిబంధన ప్రకారం బంతి మాత్రం మళ్లీ మాకే వచ్చింది. సర్ బయటికి వెళ్తూ, ఆఖరి బంతి వైష్ణవినే వేయమనండి, స్వప్నను లేపకండి అన్నారు.

నిబంధన స్పష్టం: హెడ్ కోచ్ వెళ్లాక జట్టు సహాయ కోచ్‌దే. స్కోరర్ బల్ల దగ్గరికి వెళ్లి టైమ్ అవుట్ అడిగాను. చివరి రెండు నిమిషాల్లో అది తీసుకుంటే, కోర్టులో మన సగంలో ఉన్న బంతిని అవతలి సగం నుంచి లోపలికి వేసుకోవచ్చు. దొరికేది ఒక్క నిమిషం. స్వప్నను లేపాను.

“గాలికి లెక్క కట్టి కొడుతున్నవ్ బిడ్డా. ఈడ గాలేది?” అన్నాను.

“ఎర్కనే మేడం. చెయ్యి ఇంటలేదు” అంది.

“ఇనకుంటే ఇనకపోనీ. ఎడమ పక్కకు పోయి నిలబడు, రోజూ కొట్టినట్టే కొట్టు. మిగతాది బోర్డు చూసుకుంటది.”

ఎదురుగా నుంచి ఎడమకు వేస్తే బంతి పక్కకు పోతుంది. రింగుకు ఎడమ పక్క ఏటవాలుగా నిలబడి అదే పని చేస్తే రింగు వెనకున్న బోర్డుకు తగిలి రింగులోకి దిగుతుంది. వైష్ణవికి మరాఠీలో రెండు ముక్కలు చెప్పాను: నువ్వు లోపలికి దూసుకుపో, వాళ్లు నీ మీదికి వస్తారు, బంతి ఎడమకు ఇవ్వు.

అలాగే దూసుకుపోయింది. ఇద్దరు ఆమె మీద పడ్డారు. బంతి ఎడమకు వచ్చింది. స్వప్న ఎగిరింది, వేసింది. బోర్డుకు తగిలిన చప్పుడు విన్నాను, వల కదలడం చూశాను, ఆ తర్వాత బజర్ మోగింది. ఆ బంతికి రెండు పాయింట్లు, ఒక్క పాయింటుతో గెలిచాం. ఆ వయసులో నేను బెంచి ఎక్కి గెంతాను. గ్యాలరీలో వాళ్ల నాన్న, పక్కన ఎవరో తెలియని మనిషిని కావలించుకుని ఏడుస్తున్నాడు.

బయట వరండాలో సర్ చెప్పుల వరుస దగ్గర నిలబడి ఉన్నారు. అరుపులు విని గెలిచామని తెలుసుకున్నారట. ఎవరు వేశారని అడిగారు. చెప్పాను. ఎడమ పక్క నుంచి వేసిందని కూడా అన్నాను. ఎడమ నుంచి ఎందుకు వేయించారని అడిగారు. ఈసారి మొత్తం విన్నారు. ఆ వారమే విరిగిన రింగుకు తానే నిలబడి వెల్డింగ్ చేయించారు. స్వప్న విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికైంది.

చేతికి అలవాటైన తప్పును ఒక్క నిమిషంలో మాన్పించలేం. అది పనికొచ్చే చోటు మాత్రం చూపించవచ్చు. ఆ మ్యాచ్ నాకు నేర్పింది ఇదే. సర్‌కు ఏం నేర్పిందో ఆయన ఎన్నడూ చెప్పలేదు. కానీ నేను రిటైరయ్యేదాకా, ఏ హాలులోకి అడుగుపెట్టినా, ఆట మొదలుకాక ముందే నా వైపు తిరిగి నవ్వకుండా అడిగేవారు: మేడం, గాలి ఎటు?