పిడికెడు బియ్యం

బోధన్‌లో మా వాడ పిల్లలకు నేను ఆదివారం బడి టీచరమ్మను. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చుట్టుపక్కల క్వార్టర్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడినా నా బడి మాత్రం నడుస్తూనే ఉంది. చర్చి వెనక చాప మీద నలుగురు పిల్లలు దొరికితే చాలు, మొదలుపెట్టేస్తాను. చాక్లెట్ కోసం వచ్చేవాళ్లూ, కాసేపు పీడ వదులుతుందని ఇంట్లోవాళ్లు తరిమితే వచ్చేవాళ్లూ, అందరూ యేసయ్య సంగతులు నా నోటి నుంచే విన్నారు. ఊరందరి పిల్లలకు చెప్పిన నేను, నా కూతురి పిల్లలకు మాత్రం చెప్పకూడదు. అది మా ఒప్పందం.

నా కూతురు ఇష్టపడి పెళ్లి చేసుకుంది. అల్లుడిది ధర్పల్లి పక్కన పసుపు పండించే హిందూ కుటుంబం. మొదట్లో వాళ్లు గడప తొక్కనివ్వలేదు. చివరికి అల్లుడి తల్లే మెత్తబడి, తనే వచ్చి కోడలిని ఇంటికి తీసుకెళ్లింది. మొదటి బిడ్డ పుట్టినప్పుడు నా కూతురు నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మ, మన ప్రార్థనలు మన ఇంట్లనే. పిల్లలకు గివేం చెప్పకు. మా అత్తమ్మ ఏమనది గానీ, ఊరోళ్ల నోర్లు మంచియి కావు."

సరే అన్నాను. అనకపోతే ఆ బిడ్డ మొహం చూసేదెట్లా? ఆ తర్వాత మా ఆయన పోయాడు. నేను ఒక గదిలోకి మారాను.

మొన్న దసరా సెలవుల్లో కూతురు ఫోన్ చేసింది. వాళ్లిప్పుడు నిజామాబాద్ టౌన్‌లో ఉంటున్నారు. అల్లుడికి పసుపు యార్డులో పని. కూతురిది బట్టల షాపు, పండగ ముందు సెలవు మాటే ఎత్తకూడదు. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు, పిల్లల వెనక ఉరకలేదు. "ఓ వారం వచ్చి ఉండు అమ్మ," అంది. ఫోన్ పెట్టకముందే నా కళ్లు సంచి కోసం వెతికాయి. నన్ను రమ్మని పిలిచి ఎన్నాళ్లయిందో!

వంట నా చేతికి వచ్చింది. మా చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. పూటకు బియ్యం కొలుచుకున్నాక, కడగకముందే అందులోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా చర్చికి పోతుంది. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి ఆ బియ్యం చేరుతుంది. ఒక్కదానికి వండుకునే గ్లాసెడులో పిడికెడు పోతే నీకేం మిగులుతుందని మా పక్కింటావిడ నన్ను ఆటపట్టిస్తుంటుంది. ఆమెకు చెప్పలేదు గానీ, ఆ పిడికెడు తీసినప్పుడే ఇంకో మనిషికి కూడా వండుతున్నట్టు ఉంటుంది నాకు.

కూతురింట్లో మొదటి పూట కూడా నా చెయ్యి అలవాటుగా పిడికెడు తీసి, గట్టు మీది ఖాళీ డబ్బాలో వేసింది. పెద్దది, నా మనవరాలు, పక్కనే ఉంది.

"అమ్మమ్మా, బియ్యం మల్ల ఎందుకు తీసినవ్? ఎక్వైనయా?"

"ఎక్వ కాలే బిడ్డా. గవి దేవునియి."

"దేవుడు తింటడా?"

"ఆకలైనోళ్లు తింటరు. ముందు ఆళ్లకు తీసిపెట్టి, గప్పుడు మనం వండుకోవాలె."

అక్కడ ఆగిపోయాను. పేరు నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

మర్నాటి నుంచి ఇద్దరూ నాకంటే ముందే వంటింట్లో హాజరు. దాని తమ్ముడు మరీ చిన్నవాడు, వాడి పిడికిట్లో సగం బియ్యం కిందే రాలేవి. రాలినవన్నీ ఏరి మళ్లీ వేసేదాకా అన్నం పొయ్యి మీదికి ఎక్కనిచ్చేవాడు కాదు. నాకు లోపల దొంగ సంతోషం. నోరు కట్టేసుకుంటానని మాటిచ్చాను గానీ చేతులు కట్టేసుకుంటానని ఇవ్వలేదు కదా! శనివారం మధ్యాహ్నం బస్సుకు నా ప్రయాణం. వెళ్లేముందు ఆ డబ్బా సంచిలో పెట్టుకునేటప్పుడు, ఆ బియ్యం ఎవరి పేరు మీద తీశామో పిల్లలకు ఒక్కసారి చెప్పి పోవాలనుకున్నాను. ఒకే ఒక్కసారి. ఆ తర్వాత వాళ్ల అమ్మ ఎన్ని తిట్టినా పడతాను.

ఆ ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. వియ్యపురాలు నాకు మంచం ఇచ్చి తను కింద చాప వేసుకోబోతే నేనే వద్దని పోట్లాడాను. సాయంత్రం ఆమె దీపం పెట్టుకునే వేళకు నేను ఉతికిన బట్టలు తెస్తానని మేడ మీదికి వెళ్లి, తీగల మధ్య నిలబడి ప్రార్థన చేసుకునేదాన్ని. ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు. అందరూ మంచివాళ్లే ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉండడం మరీ కష్టం. కోపం తెచ్చుకుందామన్నా ఎవరూ దొరకరు.

మధ్యలో ఒకరోజు నా కూతురు షాపు నుంచి వచ్చి నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. డబ్బా చూసింది. మూత తీసి లోపలికి చూసి, మళ్లీ మూత పెట్టి, నీళ్లు తాగకుండానే వచ్చేసింది. చిన్నప్పుడు పీట ఎక్కి మరీ మా ఇంటి డబ్బాలో పిడికెడు వేసిన పిల్ల అది. ఏమైనా అంటుందేమోనని చూశాను. జడ విప్పుకుంటూ టీవీ ముందు కూర్చుంది.

శనివారం కూతురు షాపుకు మధ్యాహ్నం మీద వెళ్తానంది, నన్ను బస్సెక్కించడానికి. వియ్యపురాలు పొద్దున్నే భుజానికి ఓ సంచి తగిలించుకొని, పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకొని, వీధి చివరి హనుమాన్ గుడికి మెల్లగా నడిచి వెళ్లింది. నేను చీరలు సర్దుకొని డబ్బా కోసం వంటింట్లోకి వెళితే అది లేదు. బియ్యం డ్రమ్ము వెనక చూశాను, గట్టు కింద చూశాను. కూతురిని అడగడానికి మనసొప్పలేదు.

అంతలో వాళ్లు తిరిగొచ్చారు. మనవరాలు గడపలోంచే కేక పెట్టింది.

"అమ్మమ్మా! మనం తీసిన బియ్యంతోని గుడిల పులిహోర చేసిండ్రు!"

వియ్యపురాలు ఆయాసపడుతూ కూర్చుంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"పిల్లలు డబ్బా తెచ్చి దేవుని అర్రల పెట్టిండ్రు వదినె. ఏందే అంటే, అమ్మమ్మ దేవునికి తీసిపెడ్తున్నది, దేవునియి దేవుని కాడనే ఉండాలె గద అన్నరు. మా ఇంట్ల ఇన్నేండ్లల్ల ఎవ్వలకు రాని బుద్ధి. ఇయ్యాల గుడిల వంటకు ఇచ్చిన. నీ కడుపు సల్లగుండ."

పిల్ల చేసిందాంట్లో తప్పేముంది? ఆ ఇంట్లో దేవుడు ఎక్కడుంటాడో దానికి తెలుసు, ఆ పూజగదిలోనే పెట్టింది. నేనే చెప్పాల్సింది చెప్పలేదు.

ఆమె ఆకు డొప్ప ఒకటి నా చేతిలో పెట్టింది. "తిను వదినె, ఎచ్చగున్నది."

నేను ప్రసాదం తినను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తినలేదు. బోధన్‌లో మా పక్కింటివాళ్లకు ఆ సంగతి తెలుసు, నైవేద్యం పెట్టకముందే నాకు ఓ గిన్నెలో తీసి పంపిస్తారు. ఈమెకు ఆ సంగతి తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. ఇన్నేళ్లూ నా కూతురే ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చింది. అమ్మకు పులుపు పడదని, షుగర్ ఉందని. ఆమె నా మొహం చూస్తోంది, పిల్లలు చూస్తున్నారు. కడుపు బాగాలేదంటే అయిపోయేది. అబద్ధం ఆడొద్దని చాప మీద పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో ఆ క్షణమే గుర్తుకు రావాలా!

"తప్పు పట్టకు వదినె. నేను యేసయ్యను కొలిసేదాన్ని. ప్రసాదం తినను."

అట్లా వచ్చింది ఆ పేరు బయటికి. మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని చెబుదామనుకున్న పేరు.

వియ్యపురాలు కోపం తెచ్చుకోలేదు. "గట్లనా," అంది. చెయ్యి ఒళ్లో పెట్టుకొని, "ప్రసాదం తినవని నాకెవ్వలు చెప్పలే," అంటూ కోడలి వైపు చూసింది.

నా కూతురు వచ్చి నా చేతిలో డొప్ప తీసుకుంది. "నాకియ్యి అమ్మ."

అక్కడే నిలబడి తినేసింది. తలొంచుకొని, గబగబా, చిన్నప్పుడు మందు మింగినట్టు తింది. డొప్పలో మెతుకు మిగల్చలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి నల్లా తిప్పి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తన వంతూ నా వంతూ కలిపి అది ఈ ఇంట్లో ఎన్నేళ్లుగా తింటోందో నాకు తెలియదు. ఈ వారమంతా ఈ ఇంట్లో ఒంటరిదాన్ని నేనే అనుకున్నాను. నాకు బోధన్‌లో చాప మీద నలుగురు పిల్లలైనా ఉన్నారు. నా బిడ్డకు యేసయ్య సంగతి మాట్లాడుకోవడానికి ఎవరూ లేరు.

మనవరాలు నా సంచి పక్కన చతికిలబడింది.

"అమ్మమ్మా, యేసయ్య నీ దేవుడా?"

"అవు బిడ్డా."

"గా బియ్యం ఆయనయేనా?"

"ఆయనయే. ఆకలైనోళ్లు తింటే ఆయన తిన్నట్టే."

"గుడి కాడ శాన మంది తిన్నరు. మెట్ల మీద అడుక్కుంటది సూడు, గా ముసలవ్వ రెండు డొప్పలు తిన్నది."

"గట్లయితే ఆయనకు ముట్టినయి తీ," అన్నాను. మనసారా అన్నాను. వియ్యపురాలు కూడా కళ్లెత్తి నన్ను చూసింది.

పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "బాపమ్మ దేవుడు హనుమంతుడు. నీ దేవుడు యేసయ్య. మరి మమ్మీ దేవుడు ఎవరు?"

వంటింట్లో నల్లా ఆగింది. పెళ్లయిన నాటి నుంచి నా బిడ్డను నేను అడగలేకపోయిన మాట అది. అది ఏమంటుందోనని నేనూ, వియ్యపురాలూ ఇద్దరం అటే చూశాం.

"బస్సుకు టైమైతుంది అమ్మ," అంది నా బిడ్డ, ఇటు తిరగకుండానే.