టింకూకి షిఫ్టు డ్యూటీ

మొన్న ఆదివారం మా ఎదురు ఫ్లాట్లో కొత్తగా దిగిన కుర్ర దంపతులు ఒక ఇనప ఊచల పెట్టె తెచ్చి, అది లిఫ్టులో పట్టక నానా అవస్థా పడుతుంటే నేనూ ఓ చెయ్యి వేసి మెట్లమీదుగా పైకి చేర్చాను. అందులో కాపురం ఉండబోయే శాల్తీ ఆ అమ్మాయి చంకలో ఉంది, గుప్పెడంత కుక్కపిల్ల. ఇల్లు పాడు చెయ్యకుండా ఉండటం దానికి నేర్పడానికేనట ఈ పెట్టె. ఎలా నేర్పాలో ఫోనులో వీడియోలు చూస్తున్నారట, దాన్ని బయటికి తీసుకెళ్ళే వేళలన్నీ ఫోనులోనే అలారాలు పెట్టుకున్నారట. ఇదంతా నాకేదో కొత్త సంగతిలా వాళ్ళు వివరిస్తుంటే బుద్ధిగా తలూపాను గానీ లోపల నవ్వాగలేదు. ఓరి నాయనా, ఈ విద్యలో నేను తిన్న ఎదురుదెబ్బలు మీకేం తెలుసు అనుకున్నాను. తొంభైల మొదట్లో మా క్వార్టర్లోనూ ఇలాంటి పెట్టె ఒకటి ఉండేది. దాని మూలంగా మా అమ్మ నా ఇల్లు విడిచి వెళ్ళిపోయేంత పనైంది.

మాది గోదావరి జిల్లా. ఉక్కు ప్లాంటులో ఉద్యోగమొచ్చి విశాఖపట్నం చేరిన మా ఈడువాళ్ళందరిలాగే నేనూ ఓ చేత్తో ట్రంకుపెట్టె, ఓ చేత్తో పరుపుచుట్ట పట్టుకుని దిగినవాణ్ణే. పెళ్ళయి, పాప పుట్టి, టౌన్‌షిప్‌లో రెండు గదుల క్వార్టరు చేతికొచ్చేసరికి ఇంతకంటే ఏం కావాలిలే అనిపించింది. మీలో షిఫ్టు డ్యూటీ చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఆ ఉద్యోగం ఒంటికే కాదు, ఇల్లు మొత్తానికి పట్టుకుంటుంది. ఒక వారం ఇంకా చీకటుండగానే బస్సు కోసం పరిగెత్తాలి, అది ఏ షిఫ్టు. ఒక వారం మధ్యాహ్నం భోంచేసి బయల్దేరాలి, అది బీ. ఇంకో వారం అందరూ పక్కలు వేసుకుంటుంటే మనం బూట్లు వేసుకోవాలి, అది సీ. వంటా, స్నానాలూ, చుట్టాల రాకా, ఆఖరికి ఇడ్లీకి పప్పు నానబొయ్యడం కూడా అయ్యగారి షిఫ్టు ఏదో కనుక్కున్నాకే. మా ఆవిడ గాజువాకలో ఒక స్కూల్లో టీచరు, తనకి సెలవైన రోజున నేను పగటిపూట పడుకుని ఉంటే కుక్కరు పెట్టేది కాదు, విజిలుకి లేస్తానని.

నాన్న పోయిన ఏడాది అమ్మని నా దగ్గరికి తీసుకొచ్చాను. నేనొక్కణ్ణే కొడుకుని. అమ్మకా బీపీ. ఊళ్ళో ఒక్కతే ఉంటే ఎప్పుడు ఏ కబురు వినాల్సొస్తుందోనని నాకు గుండె పీచుపీచుమనేది. వచ్చేటప్పుడు ఆవిడ రెండు చీరల సంచీ, నాన్న పడక్కుర్చీ, ఆయన గొడుగు తప్ప ఇంకేమీ తెచ్చుకోలేదు. ఆ కుర్చీ ముందు గదిలో వేసి, అందులో ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు, తనూ కూర్చునేది కాదు. మాటామంతీ తగ్గిపోయింది. ఈ ఊళ్ళో గాలి కూడా ఉప్పగా ఉంటుందిరా అనేది. ఒక్కటి మాత్రం మారలేదు, వేళ. లేవడం, కాఫీ, స్నానం, భోజనం, నడుం వాల్చడం, దీపం పెట్టడం, అన్నీ గీత గీసినట్టు జరిగిపోవాలి. నా షిఫ్టులతో సంబంధం లేకుండా మా ఇంట్లో నడిచినది ఆవిడొక్కతే.

అలాంటి ఇంట్లోకి టింకూ వచ్చింది. మా షిఫ్టులోనే నాతోపాటు పనిచేసే ఒకాయన ఉండేవాడు, ఇక్కడి సముద్రపొడ్డు పల్లెవాడు, అందర్నీ బావా అనే పిలిచేవాడు. వాళ్ళింట్లో కుక్క ఈనిందని తెలిసి మా అమ్మాయి, అప్పుడది రెండో తరగతి, అన్నం మానేసి కూర్చుంది. సరే, ఒకదాన్ని చేతిసంచీలో పెట్టుకుని బస్సులో తీసుకొచ్చాను. తెల్లగా, బొచ్చుగా, ఎంత ముద్దుగా ఉండేదనుకున్నారు! పామేరియన్ అని అందరికీ చెప్పుకున్నాం గానీ, అది ఏ వైపు నుంచి పామేరియనో ఆ భగవంతుడికే తెలియాలి. అమ్మ మాత్రం ముక్కున వేలేసుకుంది. కుక్కన్నాక వాకిట్లో పడుండాలి, అన్నం పెడితే తిని కాపలా కాయాలి, దాన్ని గదుల్లో తిప్పడమేవిట్రా, చోద్యం కాకపోతే! వచ్చిన మొదటి పూటే అది హాలు మధ్యన చిన్న చెరువు కట్టేసరికి చోద్యం కాస్తా గొడవైంది.

ప్లాంటు గేటు దగ్గర కాపలా కుక్కల్ని చూసుకునే ఒక హవల్దారుని అడిగితే ఆయన పెట్టె సంగతి చెప్పాడు. కుక్క పడుకుని, లేచి ఇటు నుంచి అటు తిరగడానికి సరిపోయేంతే ఉండాలి పెట్టె, తను పడుకునే చోటుని ఏ కుక్కా పాడు చేసుకోదు, కోపమొచ్చి శిక్షగా మాత్రం అందులో తొయ్యకు, వేళకి తలుపు తీసి రోజూ ఒకే చోటికి తీసుకెళ్ళు, పని కానిచ్చిందా ముద్దు చెయ్యి, అంతే అన్నాడు. నేను ఎగురుకుంటూ వన్ టౌన్ వెళ్ళి, ఓడ సరుకొచ్చిన పాత చెక్కపెట్టెలు అమ్మే కొట్లో ఒకటి తీసుకుని, ముందువైపు చెక్క బద్దలతో తలుపు చేయించి, గెడ పెట్టించి ఆటోలో వేసుకొచ్చాను. మా ఆవిడ పాత చీరొకటి మడతపెట్టి అందులో పరిచింది. చేపలమ్మే ఆవిడ గుమ్మంలో గంప దించి, ఏటమ్మా, కుక్కకి పందిరి మంచం సేయించినారు, పెళ్ళి ఎప్పుడు సేత్తారేటి అని పొట్ట పట్టుకుని నవ్వింది. టింకూకి మాత్రం ఆ పెట్టె భలే నచ్చేసింది, తనంతట తనే వెళ్ళి పడుకునేది.

ఇక్కడే నేను నా తెలివి చూపించాను. హవల్దారు వేళకి తియ్యమన్నాడు కదా. మా ఇంట్లో వేళంటే ఏమిటి? షిఫ్టే. అందుకని ఏ షిఫ్టు వారం నేను లేచినప్పుడు దాన్ని లేపడం, డ్యూటీ నుంచి రాగానే మళ్ళీ తియ్యడం. బీ షిఫ్టు వారం ఎండెక్కాక ఒకసారి, బస్సెక్కబోయే ముందు ఒకసారి. సీ షిఫ్టు వారం పొద్దున్న నేను డ్యూటీ నుంచి వచ్చాక ఒకసారి, ఆ తరవాత మధ్యాహ్నం నిద్ర లేచాక. అంతా పకడ్బందీగా వేసుకున్నాననుకున్నాను. మొదటి వారం ఏ షిఫ్టు, అది చక్కగా నేర్చేసుకుంది, నా ఛాతీ ఇంత వెడల్పయింది. రెండో వారం నేను ఎండెక్కేదాకా దుప్పటి ముసుగేసుకుని ఉంటే అది పాత అలవాటు చొప్పున చీకట్నే లేచి ఏడ్చి ఏడ్చి, ఆగలేక పెట్టెలోనే కానిచ్చేసింది. దీనికి బుద్ధి మందం అని తేల్చేశాను. ఆ వేళకి అది సర్దుకునేసరికి మూడో వారమొచ్చింది, అప్పుడు మరీ అయోమయం. ఇల్లంతా ఫినాయిలు కంపు, ఆస్పత్రిలో కాపురమున్నట్టు. బస్సులో నా బాధ వెళ్ళబోసుకుంటే ఆ పల్లె స్నేహితుడు, అదేటి బావా, కుక్కక్కూడా షిఫ్టు డూటీ ఏసీసినావు, మరి ఓటీ డబ్బులు ఇత్తన్నావా అని బస్సంతా నవ్వించాడు. నాకు ఒళ్ళు మండింది, అంతేగానీ బుర్రకి ఎక్కలేదు.

చివరికి ఒకరోజు, మళ్ళీ బీ షిఫ్టు వారమే, పెట్టె తలుపు తియ్యడం ఆలస్యమైందేమో, అది బయటికి వచ్చీ రాగానే సూటిగా వెళ్ళి నాన్న పడక్కుర్చీలోకి ఎక్కి గుడ్డంతా తడిపేసింది.

  అమ్మ ఆ గుడ్డ కర్రల్లోంచి ఊడదీసి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే ఉతికి తీగ మీద ఆరేసి, లోపలికొచ్చి సంచీ తీసి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నీకు ఆఫ్ వచ్చిన రోజున నన్ను బండెక్కించెయ్ రా, నా వాకిలి నాకు చాలు అంది.  కుక్కనే పంపించేస్తాను, పరవాడ వైపు తోటలున్నవాళ్ళు ఎవరో అడుగుతున్నారన్నాను. ఆ మాట విని మా అమ్మాయి పెట్టెని కావలించుకుని కూర్చుంది, అన్నం ముట్టలేదు. అమ్మ దాని వంక చూసి, పసిదాన్ని ఏడిపించి నేనిక్కడ ఉండాలా, నాకొద్దు అంది. కోపంతో అని ఉంటే బతిమాలుకునేవాణ్ణి, అంత నెమ్మదిగా చెప్పిన మనిషిని ఏమని బతిమాలను? మా ఆవిడ వంటింట్లో కళ్ళొత్తుకుంటోంది. ఊళ్ళో ఆ ఖాళీ ఇంట్లో అమ్మ ఒక్కతే దీపం పెట్టుకుంటున్నట్టు కళ్ళముందు కనబడి నాకు అన్నం సయించలేదు.

ఆ మర్నాటి నుంచి సీ షిఫ్టు. పొద్దున్నే వచ్చి, నాలుగు మెతుకులు తిని మంచమెక్కితే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. మా ఆవిడా అమ్మాయీ స్కూలుకి వెళ్ళిపోయేవారు. వారం చివరికొచ్చేసింది, ఆఫ్ దగ్గర పడుతోంది, దిగులు తప్ప ఇంకేదీ నా బుర్రలో లేదు. ఇంట్లో ఫినాయిలు వాసన రావడం లేదన్న సంగతి కూడా గమనించలేదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం గొంతెండిపోయి మెలకువొచ్చింది. లేచి చూస్తే పెట్టె తలుపు తీసుంది, లోపల టింకూ లేదు, పెరటి తలుపు ఓరగా ఉంది.

పెరట్లో బొప్పాయి చెట్టు మొదట్లో టింకూ. కాస్త ఎడంగా అమ్మ, కొంగు బిగించి, చేతిలో నాన్న గొడుగు. దాన్ని ముట్టుకోవడం ఇష్టం లేక గొడుగు కొంకితోనే గెడ తీసేదని తరవాత తెలిసింది. ఊఁ, కానియ్, కానియ్ తొందరగా, అరిచావంటే ఊరుకోను, అబ్బాయి రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు అని గుసగుసగా గదమాయిస్తోంది. అది పని ముగించుకుని తోకాడిస్తే, మంచి పిల్లవే, మంచి పిల్లవే అంటోంది, అదీ గుసగుసగానే. అది మూలిగితే నాకు నిద్ర చెడుతుందని వారమంతా ఇదే పని. కాఫీ తాగాక ఒకసారి, భోజనం కాగానే ఒకసారి, దీపం పెట్టే ముందు ఒకసారి, తన వేళలే దానికీ అలవాటు చేసేసింది. దానికి కావలసింది అదే. మారని మనిషి ఒకరు కావాలి, మా ఇంట్లో అలాంటి మనిషి ఉండనే ఉంది, ఆవిణ్ణే మేం బండెక్కించబోతున్నాం. తలుపు చాటున నిలబడి విన్నాను, పలకరించడానికి ధైర్యం చాలలేదు. వెనక్కి వెళ్ళి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

ఆఫ్ రోజు రానే వచ్చింది. ఉండిపోమ్మా అనడానికి నాకు నోరు పెగలదు, ప్రయాణం మానేశానని తనంతట తను అనదు. మధ్యాహ్నం బండికి ఆటో పిలిచాను, సంచీ గుమ్మంలోకి వచ్చింది, బడికెళ్ళనని మొండికేసి ఇంట్లో ఉండిపోయిన మా అమ్మాయి నానమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. సరిగ్గా అప్పుడే పెట్టెలోంచి గీకుడు మొదలైంది. అమ్మ ఆటో వంక చూసింది, పెట్టె వంక చూసింది, గొడుగు అందుకుని గెడ తీసి పెరట్లోకి నడిచింది. బయట ఆటోవాడు ఏటి బాబూ, ఎక్కుతారా ఎక్కరా అని హారను మీద హారను. అమ్మ తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని తీరిగ్గా అడిగింది, వచ్చే వారం నీకేం షిఫ్టురా అని. ఏ షిఫ్టమ్మా, చీకట్నే వెళ్ళాలి అన్నాను. అయితే భోజనాల వేళకి దీన్నెవరు తీస్తారు, కోడలు స్కూల్లోనాయె, నువ్వు ప్లాంటులోనాయె అంది. ఎవరూ లేరమ్మా అన్నాను. తీగ మీంచి తీసి మడతపెట్టి ఉన్న కుర్చీగుడ్డ నా చేతికిచ్చి, ఇది తొడుగు, ఆ ఆటోవాణ్ణి పంపించెయ్, చెవులు చిల్లులు పడుతున్నాయి అంది.

అబ్బ, ఆ క్షణాన నా గుండెల మీంచి ఎంత బరువు దిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆటోవాడు తిట్టుకుంటూ పోయాడు, ఆ తిట్లు కూడా దీవెనల్లా వినిపించాయి. కుర్చీకి గుడ్డ తొడుగుతుంటే కళ్ళు మసకబారి కర్ర కన్నంలోకి దూరలేదు. మా ఆవిడ బడి నుంచి వచ్చి, గుమ్మంలో అత్తగారి చెప్పులు చూసి అక్కడే చతికిలబడిపోయింది. ఆ రోజు తరవాత ఊరెళ్ళే ప్రసక్తి అమ్మ నోట మళ్ళీ రాలేదు. టింకూ ఇంట్లో తప్పు చేసింది కూడా లేదు, జ్వరమొచ్చిన రోజుల్లో తప్ప. పెట్టెకి తలుపు తీసేసినా అది అందులోనే పడుకునేది. రెండువేల సంవత్సరం దాటాక అది ముసలితనంతో పోయింది, ఆ తరవాత కొన్నేళ్ళకి అమ్మా వెళ్ళిపోయింది, నా ఇంట్లోంచే, నా చేతుల మీదుగానే. కొడుకుగా నాకు మిగిలిన నిశ్చింత అదొక్కటే, అది చాలు.

రిటైరయ్యాక నాకు షిఫ్టులు లేవు. పగలు ఎప్పుడు కావాలంటే అప్పుడు పడుకోవచ్చు. ఇల్లు అప్పటికంటే నిశ్శబ్దంగానే ఉంటుంది, ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి చెవుల్లో వాళ్ళ పాటలు. ఎవరికీ ఎవరితో ఇబ్బంది లేదు, అది సుఖమే, కాదనను. కాకపోతే, నేను పడుకున్నానని చెప్పి మా ఇంట్లో ఒకరు గొంతు తగ్గించి చాలా కాలమైంది.