రూతు కుడి కన్ను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా చెల్లెలు రూతు దాన్ని నిజమని నమ్మి బతుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది మహారాష్ట్రలో, చంద్రపూర్‌లోని లాల్‌పేట్. కాలేజీలో రూతు మైక్రోస్కోపు కింద సముద్రపు జీవుల గుల్లలు చూసింది. కంటికి ఆననంత చిన్నవట. ఒకటి జల్లెడలా, ఒకటి ముళ్ల నక్షత్రంలా ఉన్నాయట. సముద్రమే చూడని పిల్ల, వాటిని కాగితం మీద గీసి, వెండి తీగతో కమ్మలు అల్లింది. టంకం పెట్టడం నా పని. మా ముందు గదే కార్ఖానా. ఊపిరి తగిలితే కదిలేవి ఆ కమ్మలు. అలాంటివి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆ రోజు వెండి శుభ్రం చేసే తేజాబ్ డబ్బా కారుతోంది. నీళ్లు కలపని యాసిడ్ అది. మిగిలినదాన్ని ఖాళీ నీళ్ల సీసాలో పోశాను. పైన పేరు రాద్దామనుకున్నాను. ఇంతలో వాకిట్లో ఎవరో పిలిచారు. సీసా రూతు బల్ల మీదే పెట్టి వెళ్లి మాటల్లో పడ్డాను. లోపల రూతు కంట్లో వెండి రజను పడింది. చేతికందిన సీసాతో కన్ను కడుక్కుంది.

కుడి కన్ను పోయింది.

ఆసుపత్రిలో కట్టుతో పడుకుని అడిగింది.

“అక్కా, ఆ సీసల తేజాబ్ నేనే పోసి మర్శిపోయిన్నా ఏంది?”

అమ్మ నా ముఖంలోకి చూసింది.

“అవునే. నువ్వే పోసినవ్. యాది లేదా?” అన్నాను నేను.

“గట్లనా... మరి నా తప్పుకు నువ్వెందుకు ఏడుస్తున్నవ్? ఊకో అక్కా.”

ఎందుకలా అన్నాను? అమ్మకు భయపడా? మర్నాడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు, ఆ మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది, అమ్మ దాన్ని “కండ్లు నెత్తికెక్కినయా” అని తిడుతుంటే పక్క గదిలో బియ్యం ఏరుతూ విన్నాను, అలా ఏళ్లు గడిచిపోయాయి.

రూతు మళ్లీ తీగ ముట్టలేదు. పట్టకార్లు, ఆకురాళ్లు అన్నీ నాకే ఇచ్చేసింది. ఇప్పుడు ఘుగ్గుస్‌లో పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. “నా లెక్క సోయి లేకుండ ఉండకుండ్రి” అని వాళ్లకు తన కన్ను చూపిస్తుందట. నవ్వుతూ నాకే చెప్పింది. నేనూ నవ్వాను.

నేను తెలుగు బడిలో చదివాను, రూతు చదివింది మరాఠీ బడిలో. ఈ అక్షరాలు దానికి రావు. అది తెలిసే తెలుగులో రాస్తున్నాను. ఇప్పటికీ నా ధైర్యం ఇంతే.

అయినా రాశాను. ఆ సీసా పెట్టింది నేను.