నీళ్లలో మునిగిపోయిన కొరమీను

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, చాప మీద ఇంకా చోటుంది. పొద్దున మా మనవరాలు తిరుపతి అంగడి నుంచి ప్లాస్టిక్ డబ్బాలో ప్రాణంతో ఉన్న కొరమీను తెచ్చింది. మూత తీయగానే చల్లటి అడుసు వాసన గుప్పున కొట్టి, నేను ఎనిమిదేళ్ల పిల్లనైపోయాను.

అప్పట్లో మాది సత్యవేడు పక్క పల్లె. ఎక్కడో యుద్ధమని కిరసనాయిలు కూడా సరిగ్గా దొరకని కాలం. వేపపూత రాలి వాకిలంతా పరుచుకుని, పిల్లలం మామిడి పిందెలు ఉప్పూ కారంలో అద్దుకు తిని పళ్లు పులిసి తిరిగే ఆ ఎండాకాలంలో, మా అమ్మ తమ్ముణ్ణి కని జ్వరాన పడింది. జ్వరం పోయినా మనిషి లేవలేదు, పాలు ఇంకిపోయాయి. పురుడు పోసిన మునెమ్మవ్వ వచ్చి చూసి, "కొరమీను పులుసు పెట్టబ్బా, అదే లేపాల ఈ బాలింతను. పానంతో ఉండేదాన్నే కొయ్యాల, సచ్చింది పత్యానికి పనికిరాదు" అని మా నాయనకు చెప్పింది.

చెరువులో అప్పటికి ఒక్క మడుగే మిగిలింది. నాయన గాలానికి కప్పను గుచ్చి మూడు రోజులు ఎండలో కూర్చుని, పాము తలలాంటి తలతో నా చేయంత పొడవున్న నల్లటి కొరమీనును పట్టుకొచ్చాడు. "బానలో సగానికే నీళ్లు పొయ్యి పాపా, సాయంత్రం కోస్తాం" అని నాకు అప్పజెప్పి మిరియాల కోసం అంగడికి వెళ్లాడు. నాకేమో దాని మీద జాలేసింది. మా అమ్మ కోసం చావబోయేదానికి సగం నీళ్లేమిటని బాన అంచుదాకా నింపి, ఎగిరిపోకుండా చెక్కపలక మూసి, పైన బండరాయి పెట్టాను. సాయంత్రం తీస్తే, చేప మూతి పలకకు ఆనించి చచ్చిపోయి ఉంది.

"ఏం మే, చేపను నీళ్లల్లో ముంచి సంపిన మొనగత్తెవు నువ్వొక్కదానివే!" అని మునెమ్మవ్వ నవ్వింది గాని, నాయన నవ్వలేదు.

"చేప మునిగేదేంది నాయనా?" అని ఏడ్చాను.

"ఇది మన మాదిరే పాపా. నీళ్లల్లో ఉన్నా పైకొచ్చి గాలి మింగాల. నువ్వు సందు లేకుండా మూసేసినావు."

లోపల తమ్ముడు పాలకు ఏడుస్తున్నాడు.

మర్నాడు మడుగులో ఏమీ తగల్లేదు. నాయన గడ్డపార భుజాన వేసుకుని, బానతో నన్ను వెంటబెట్టుకుని, నీళ్లింకి పెంకుల్లా పగిలిన చెరువు నేల మీదికి నడిచాడు. వేలు పట్టేంత బెజ్జం దగ్గర ఆగి, "ఈడ సెవి పెట్టి విను" అన్నాడు. భూమి లోపల ఎవరో గుటక వేసినట్టు, గుటుక్! మూరెడు తవ్వితే పొడి మట్టి పోయి అడుసు వచ్చింది. ఆ అడుసులో ఒళ్లంతా జిగురు పూసుకుని, నోరు తెరిచి గాలి మింగుతూ రెండు కొరమీన్లు! నీళ్లు నిండిన చోట చచ్చిన చేపను, నీళ్లే లేని చోట బతికిన చేపను ఒక్క రోజు తేడాలో చూసిన కళ్లమ్మా ఇవి.

నాయన ఒకదాన్నే తీశాడు. రెండోదాని మీద అడుసు కప్పి, వేలితో మళ్లీ బెజ్జం చేసి, "వానొస్తే ఇది పిల్లల్ని సాకాల గదా" అన్నాడు.

సగం నీళ్ల బాన నడుమున పెట్టుకుని, అది మూతి పైకెత్తి గాలి మింగినప్పుడల్లా నేనూ ఊపిరి పీల్చుకుంటూ ఇల్లు చేరాను. ఆ రాత్రి అమ్మ రెండు గుటకల పులుసు తాగింది, మర్నాడు గిన్నెడు. నాలుగో రోజు గోడకానుకుని కూర్చుని, "ఇట్రా మే, నీ తల సూడు, కాకిగూడు మాదిరి ఉండాది" అంటూ నా జడ విప్పింది.

కార్తీకపు వానలకు చెరువు నిండింది. ఒక పొద్దున నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రటి చేపపిల్లల గుంపు, కింద నల్లటి నీడలా కాపలా కాస్తున్న కొరమీను. దగ్గరికొచ్చిన కప్పను ఒక్క దూకుడుకు మింగేసిన ఆ నోరే, పిల్లల మధ్యలోంచి పైకొచ్చి గాలి తీసుకుని, ఒక్కదాన్నీ తాకకుండా దిగిపోయింది. ఎర్రగుంపు కనబడితే అక్కడ గాలం వేయకూడదని మా ఊరి కట్టుబాటు.

"మనం కప్పెట్టిందేనా నాయనా?"

"అదే అనుకో పాపా."

ఇప్పుడా చెరువు ఇళ్ల స్థలాలైంది. అంగట్లో వచ్చేవి తొట్లలో పెంచిన చేపలు, చెరువు కొరమీను పిల్లల ఎరుపును చూసినవాళ్లు మా ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున డబ్బాలోని చేపను బకెట్లోకి మార్చి మనవరాలు నిండా నీళ్లు పోయబోతే చేయి పట్టుకున్నాను. సగం చాలన్నాను.

చల్లగా ఉండండి తల్లీ. మీ బానలు ఎప్పుడూ వట్టిపోకూడదు, మీ ఇంట్లో ప్రతి ప్రాణికీ తల పైకెత్తి ఊపిరి తీసుకునేంత చోటుండాలి.